వేంగి నేల చూపించేవాళ్లు: గుంటుపల్లి గుహల నుంచి కొల్లేటికోట దాకా

ఏలూరు చుట్టుపక్కల మిగిలిన పురాతన కట్టడాలను మూడు రకాలుగా చెప్పుకోవచ్చు. ఉత్తరాన మెట్టసీమలో కొండలు తొలిచి చేసిన గుహలు, ఊళ్ల పక్కనే మట్టి కప్పుకుని ఉన్న ఇటుక దిబ్బలు, దక్షిణాన కొల్లేటి నీళ్ల మధ్య లంకల మీద పాత కోటల ఆనవాళ్లు. మొదటి రకానికి గుంటుపల్లి, రెండో రకానికి పెదవేగి, దెందులూరు, మూడో రకానికి కొల్లేటికోట పేరెన్నికగన్నవి. ఈ మూడింటిని వరసగా చూసినవారికి రెండువేల ఏళ్ల వేంగి చరిత్ర చాలామటుకు అర్థమవుతుంది. అయితే ఆ వరస తెలియాలన్నా, ప్రతి చోటా కంటికి కనబడని భాగాన్ని మనసులో కట్టుకోవాలన్నా పక్కన చెప్పేవాళ్లు ఉండి తీరాలి.

ఈజిప్టుకు వెళ్లే యాత్రికుడి పరిస్థితి వేరు. గిజాలో ఖుఫూ పిరమిడ్ కట్టినప్పుడు దాని ఎత్తు దాదాపు 146 మీటర్లు. నాలుగున్నర వేల ఏళ్ల తర్వాత కూడా అది మైళ్ల దూరం నుంచే కనిపిస్తుంది. అక్కడ గైడు వివరాలు చెబుతాడే తప్ప కట్టడాన్ని వెతికి చూపించాల్సిన పనిలేదు. సున్నపురాయి గనులు దగ్గరలోనే ఉండడం, ఎడారి గాలిలో తేమ లేకపోవడం, కట్టడాలు సాగునేలకు అవతల ఇసుకలో ఉండడం అన్నీ కలిసొచ్చాయి. కృష్ణా గోదావరుల నడుమ నేల తీరు దీనికి పూర్తిగా విరుద్ధం. డెల్టాలో రాయి దొరకదు. కట్టాలంటే మట్టిని ఇటుకగా కాల్చాల్సిందే. ఏటా పడే వానకు ఆ ఇటుక నానుతుంది, సందుల్లో రావి, మర్రి వేళ్లు దిగుతాయి, వరదలు ఒండ్రు పరుస్తాయి. వీటన్నిటికీ మించి ఈ నేల ఏనాడూ ఖాళీగా లేదు. పాత నగరం పడిపోయిన చోటే కొత్త ఊరు లేచింది. పడిపోయిన గోడల ఇటుక కొత్త ఇళ్లకు పనికొచ్చింది. ఏలూరులో ముస్లిం పాలకులు కోట కట్టినప్పుడు పెదవేగి శిథిలాల నుంచి రాళ్లు తెచ్చి వాడారని బ్రిటిష్ కాలపు గెజిటీర్లు నమోదు చేశాయి.

కట్టడాలను చూడడానికి పనిగట్టుకుని ప్రయాణం చేసే అలవాటు చాలా పాతది. రోమన్ చక్రవర్తి హేడ్రియన్ క్రీ.శ. 130లో ఈజిప్టు వెళ్లినప్పుడు, తెల్లవారుజామున శబ్దం చేస్తుందని పేరుపడ్డ మెమ్నాన్ విగ్రహాన్ని చూశాడు. పరివారంలోని జూలియా బాల్బిల్లా అనే కవయిత్రి ఆ సందర్శన మీద పద్యాలు రాసి విగ్రహం కాలి మీదే చెక్కించింది. సరిగ్గా ఆ శతాబ్దంలోనే ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంలో టాలెమీ అనే భూగోళ శాస్త్రవేత్త లోకంలోని ఊళ్లనూ రేవులనూ గ్రంథస్థం చేశాడు. ఎర్రసముద్రం రేవుల నుంచి రుతుపవనాల గాలిని పట్టుకుని వచ్చే ఓడల వాళ్ల దగ్గర సమాచారం పోగుచేశాడు. కృష్ణా ముఖద్వారం ప్రాంతాన్ని మైసోలియా అన్నాడు. దాని దగ్గర సలకెనోయ్ అనే జనాన్ని, బెనగౌరోన్ అనే పట్టణాన్ని పేర్కొన్నాడు. సలకెనోయ్ అంటే శాలంకాయనులని, బెనగౌరోన్ అంటే వేంగీపురమని చరిత్రకారులు చాలామంది గుర్తించారు. ఆ గుర్తింపు ప్రకారం అలెగ్జాండ్రియాలో కూర్చుని రాసిన పుస్తకంలో నేటి పెదవేగి పేరు రెండో శతాబ్దంలోనే ఎక్కింది.

వేంగిని స్వయంగా చూసి రాసిన తొలి విదేశీ యాత్రికుడు చైనా భిక్షువు హ్యుయాన్ త్సాంగ్. 639 ప్రాంతంలో ఆయన ఆంధ్రదేశం వచ్చాడు. అప్పటికి చాళుక్య రాజ్యం ఏర్పడి రెండు దశాబ్దాలైనా నిండలేదు. రాజధానికి ఆయన రాసిన పేరును వేంగీపురంగానే గుర్తించారు. దేశంలో ఇరవై సంఘారామాలు, మూడువేల మంది భిక్షువులు ఉన్నారన్నాడు. నగరానికి దగ్గరలో అంతస్తులతో, చెక్కడపు పనితో ఒక పెద్ద విహారం ఉందని, దాని ముందు అచలుడనే అర్హతుడు కట్టించిన రాతి స్తూపం ఉందని రాశాడు. నైరుతి దిశలో ఒంటరి కొండ మీద మరో స్తూపం ఉందని, బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు అక్కడే తర్కశాస్త్ర గ్రంథం రచించాడని అన్నాడు. ఈ కొండ గుంటుపల్లే అయి ఉండాలని ఈ ప్రాంతం మీద అభిమానమున్నవారు కొందరు అంటారు. కానీ పెదవేగికి గుంటుపల్లి ఉత్తరాన ఉంది, దూరమూ ఆయన చెప్పినదానికన్నా చాలా ఎక్కువ. అందుకే గుంటుపల్లి కొండ ఎక్కించి దిఙ్నాగుడి పేరు చెప్పే గైడు ఈ చిక్కును కూడా చెప్పడం న్యాయం.

ఆధునిక కాలంలో పాత కట్టడాలను వెతికి, చదివి, ఇతరులకు చూపించే పనికి దక్షిణ భారతదేశంలో పునాది వేసినవాళ్లలో ఏలూరు వాళ్లు ముఖ్యులు. వాళ్లే కావలి సోదరులు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరుగా చేరి సర్వేయరుగా ఎదిగిన కాలిన్ మెకంజీ దగ్గర 18వ శతాబ్దం చివర కావలి వెంకట బొర్రయ్య దుబాసీగా చేరాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏళ్ల ప్రాంతం. తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషు వచ్చినవాడు. మెకంజీకి దేశభాషలు రావు. ఊరికి పోయి కరణాన్ని కలవడం, గుడి పూజారిని ఒప్పించి తాళపత్రాలు విప్పించడం, శాసనం మీద మట్టి తుడిచి నకలు తీయడం బొర్రయ్య పని. పాత కన్నడ శాసనాల లిపిని చదివే దారి కనిపెట్టినవాడుగా మెకంజీ ఆయన్ను మెచ్చుకున్నాడు. భారతీయ విజ్ఞానంలోకి తన ప్రవేశం బొర్రయ్యతోనే మొదలైందని 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన లేఖలో ఒప్పుకున్నాడు. అప్పటికే బొర్రయ్య పోయి పద్నాలుగేళ్లు. 1803లో, ముప్పై నిండకుండానే మరణించాడు.

అన్న వదిలిన పనిని తమ్ముడు లక్ష్మయ్య అందుకున్నాడు. మెకంజీ 1815లో భారతదేశపు సర్వేయర్ జనరల్ అయి, 1821లో చనిపోయే వరకు లక్ష్మయ్యే ఆ సేకరణకు వెన్నెముక. మరో తమ్ముడు రామస్వామి దక్కను కవుల జీవితాల మీద ఇంగ్లీషులో పుస్తకం రాసి 1829లో కలకత్తాలో అచ్చువేయించాడు. మెకంజీ పోయాక ఆ పనిని తానే కొనసాగిస్తానని లక్ష్మయ్య ఇచ్చిన ప్రతిపాదనను కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ఒప్పుకోలేదు. నేడు మెకంజీ కైఫీయతులుగా ప్రతి ఊరి చరిత్రకూ ఆధారమవుతున్న ఆ సంపద ఏలూరు అన్నదమ్ముల కాళ్లు అరిగేలా తిరిగితే పోగైంది. వాళ్ల పేరు వాళ్ల ఊళ్లోనే ఇంకా గట్టిగా వినపడాలి.

వాళ్ల కాలం నాటికే ఈజిప్టులో ఇలాంటి పనే మరో తీరులో జరుగుతోంది. 1798లో నెపోలియన్ సైన్యంతో పాటు పండితుల బృందాన్ని తీసుకెళ్లాడు. 1799లో రొసెట్టా శిల బయటపడింది. 1822లో షాంపోలియన్ ఈజిప్టు చిత్రలిపి గుట్టు విప్పాడు. భారతదేశంలో బ్రాహ్మీ లిపిని జేమ్స్ ప్రిన్సెప్ 1837లో చదివాడు. అంటే బొర్రయ్య లక్ష్మయ్యలు తిరిగిన రోజుల్లో గుంటుపల్లి లాంటి చోట్ల ఉన్న శాసనాలు ఎవరికీ అర్థం కాని గీతలే. ఆ తర్వాత గుంపులుగా వెళ్లే విహారయాత్ర వచ్చింది. 1869లో, సూయజ్ కాలువ తెరిచిన సంవత్సరమే, థామస్ కుక్ తొలి బృందాన్ని నైలు నది మీద తీసుకెళ్లాడు. కైరోలో తహ్రీర్ మ్యూజియం 1902లో మొదలైంది. వేంగి సీమకు వచ్చినవాళ్లు మాత్రం యాత్రికులు కారు, సర్వే అధికారులు. రాబర్ట్ సూయెల్ 1882లో మద్రాసు రాజధానిలోని ప్రాచీన అవశేషాల జాబితా ప్రచురించాడు. గుంటుపల్లి బౌద్ధ శిథిలాల మీద విడిగానూ రాశాడు. అలెగ్జాండర్ రే, లాంగ్‌హర్స్ట్ వంటి పురావస్తు శాఖ అధికారులు తర్వాత ఆ కొండను పరిశీలించారు.

గుంటుపల్లి కామవరపుకోట మండలంలో ఉంది. ఏలూరు నుంచి రోడ్డు మీద నలభై కిలోమీటర్ల పైచిలుకు. కొండ దిగువన ఉన్న ఊరు జీలకర్రగూడెం. ఆ ఊరి పేరుతోనూ ఈ గుహలను పిలుస్తారు. కొండది ఇసుకరాయి. తొలవడానికి మెత్తన, నిలవడంలో అంత గట్టిది కాదు. క్రీ.పూ. 2వ శతాబ్దం నాడు మొదలైన తొలిచే పని, కట్టే పని కొన్ని శతాబ్దాల పాటు సాగింది. ఇక్కడి శాసనాల్లో ఈ కొండ పేరు మహానాగపర్వతం.

కొండ మీద అన్నిటికన్నా ముందు చూడవలసింది గుండ్రటి చైత్యగుహ. దాదాపు పద్దెనిమిది అడుగుల అడ్డకొలత ఉన్న గది, మధ్యలో అదే రాతిలో వదిలిన స్తూపం, స్తూపం చుట్టూ మనిషి తిరిగేంత సందు. తల ఎత్తితే గుమ్మటంలాంటి పైకప్పుకు లోపలివైపు కర్రవాసాల్లా రాతి పట్టీలు కనిపిస్తాయి. అన్నీ నడినెత్తిన కలిసేలా పైకి పోతాయి. ఈ వాసాలు దేన్నీ మోయవు. రాతి గుహకు వాసాలతో పనే లేదు. అంతకు ముందు కర్రతో, గడ్డితో గుండ్రటి పర్ణశాలలు కట్టిన వడ్రంగుల చేతిపనిని శిల్పి యథాతథంగా రాతిలోకి దించాడు. కాలానికి నిలవని ఆ కర్ర కట్టడాలు ఎలా ఉండేవో ఇప్పుడు ఇలాంటి గుహల వల్లే తెలుస్తోంది. ద్వారం పైన గుర్రపు డెక్క ఆకారపు తోరణంలోనూ వాసాల చివర్లు బయటికి పొడుచుకొచ్చినట్టు చెక్కారు. బీహార్‌లో గయ దగ్గర బరాబర్ కొండల్లోని లోమశఋషి గుహ ముఖద్వారం ఈ తీరుదే. గుండ్రటి గుహాచైత్యానికి మరో ఉదాహరణ కావాలంటే మహారాష్ట్రలోని జున్నర్ దగ్గర తుల్జా గుహల దాకా పోవాలి. దేశం మొత్తంలో ఇలాంటివి బహు తక్కువ. లోపలి స్తూపాన్ని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ధర్మలింగేశ్వరుడిగా కొలిచారు. ఇది స్తూపమా లింగమా అని తగవు పెట్టడం కన్నా, ఆ కొలుపు వల్లే ఈ గుహలోకి మనుషుల రాకపోకలు ఆగలేదని చెప్పడం మేలు.

ఆ తర్వాత భిక్షువుల విహారాలు. లోయకు ఎదురుగా కొండ చరియలో వరసగా తొలిచిన గదులు, గుమ్మాల మీద చిన్న చిన్న డెక్క తోరణాలు. కొలతపెట్టి గీసిన పథకం ఇక్కడ కనిపించదు. భిక్షువులు పెరిగినకొద్దీ గదులు కలుపుకుంటూ పోయినట్టుంది. కొండ మీద కట్టినవి మరికొన్ని ఉన్నాయి: ఏనుగు వెనుక భాగంలా గుండ్రంగా ముగిసే ఇటుక చైత్యం, రాతితో కట్టిన స్తూపం, దాతలు మొక్కుబడిగా కట్టించిన చిన్న స్తూపాలు. ఈ చిన్నవి అరవై దాకా ఉంటాయి. గుంపుగా ఒకేచోట కనిపించే ఈ స్తూపాల దగ్గర చాలామంది ఫొటో తీసుకుని కదిలిపోతారు. ఒక్కొక్కటి ఒక్కొక్క దాత, ఒక్కొక్క మొక్కు అని తెలిస్తే అక్కడ ఇంకాసేపు నిలబడతారు.

శిథిల మండపం స్తంభాల మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఒక శాసనం ఉంది. దీన్ని 1968లో ఆర్. సుబ్రహ్మణ్యం ప్రచురించి, కళింగ చక్రవర్తి ఖారవేలుడిదని చెప్పారు. తర్వాత దినేశ్ చంద్ర సర్కార్ పరిశీలించి, రాజు పేరు సిరి సద అని తేల్చారు. మహామేఘవాహన వంశీకుడు, కళింగ మహిషకాలకు అధిపతి అని బిరుదులు. మండపాన్ని దానం చేసింది రాజు కాదు, ఆయన లేఖకుడు చులగోమ. ఆస్థానంలో రాతకోతలు చూసుకునే ఉద్యోగి పేరు ఈ కొండ మీద రాజు పేరుతో సమానంగా నిలిచింది. శాసనం ఒక్కో స్తంభం మీద మళ్లీ మళ్లీ చెక్కి ఉండడం వల్లనే చెరిగిన అక్షరాలను పోల్చి చదవడం సాధ్యపడింది. చదువు ఎలా మారిందో చెప్పే ఈ కథను సందర్శకులకు తప్పకుండా వినిపించాలి. చరిత్ర అనేది తేలిపోయిన సంగతుల మూట కాదని పిల్లలకు అర్థమయ్యే చోటు ఇలాంటిదే.

గుంటుపల్లి నుంచి దక్షిణానికి దిగితే పెదవేగి. ఏలూరుకు పన్నెండు కిలోమీటర్లు. శాలంకాయనులకూ, తర్వాత తూర్పు చాళుక్యులకూ రాజధాని. ఇక్కడ కళ్లకు కనిపించేది తక్కువ: కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న దిబ్బలు, 1980లలో జరిగిన తవ్వకాల్లో తేలిన ఇటుక పునాదులు, ఊరి గుళ్లలో చేరిన పాత విగ్రహాలు. దెందులూరులో భీమలింగ దిబ్బ కూడా రక్షిత స్థలమే. కాబట్టి పెదవేగిని కళ్లతో కన్నా రాగిరేకులతో చూడాలి. శాలంకాయన రాజులు తమను చిత్రరథస్వామి పాదభక్తులుగా చెప్పుకున్నారు. వాళ్ల ముద్రిక మీద నంది. ఏలూరులో దొరికిన విజయదేవవర్మ ప్రాకృత తామ్రశాసనం వేంగీపురం నుంచి జారీ అయింది. అందులో ఏలూరు గ్రామస్థుల ప్రస్తావన ఉంది. సముద్రగుప్తుడి అలహాబాద్ స్తంభ శాసనం దక్షిణాపథ రాజుల్లో వేంగి హస్తివర్మ పేరు చెబుతుంది. దిబ్బ మీద నిలబెట్టి ఈ శాసనాల ఫొటోలు, అక్షరాల నకళ్లు చేతికిచ్చి చూపిస్తేనే గడ్డి మొలిచిన ఆ మట్టి కింద రాజధాని ఉందని నమ్మకం కుదురుతుంది. రక్షిత కట్టడానికి నూరు మీటర్ల లోపు కొత్త నిర్మాణం కూడదని, ఆపై రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతమని 2010 చట్ట సవరణ చెబుతోంది. ఊరికి ఆనుకుని ఉన్న దిబ్బల దగ్గర ఈ నియమం ఇంటి గోడ లేపాలనుకున్న ప్రతి కుటుంబానికీ తగులుతుంది. ఆ నియమం ఎందుకో ఊరివాళ్లకు విడమర్చి చెప్పడం కూడా గైడు పనిలో భాగమే.

పెదవేగి చరిత్రను మలుపు తిప్పిన యుద్ధం కొల్లేటి దగ్గర జరిగింది. బాదామి చాళుక్యరాజు రెండో పులకేశి వేంగిని జయించాడు. రవికీర్తి రచించిన 634–35 నాటి ఐహోళె శాసనం కునాల సరస్సు నీళ్లు యుద్ధంలో నెత్తురుతో రంగు మారాయని వర్ణిస్తుంది. ఆ సరస్సు కొల్లేరేనని పండితుల అభిప్రాయం. పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు 624లో స్థాపించిన తూర్పు చాళుక్య వంశం నాలుగున్నర శతాబ్దాలు నిలిచింది.

కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వంటి ఏర్లు వచ్చి కలుస్తాయి. నీళ్లు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. సరస్సులోని లంక మీద కొల్లేటికోట, అక్కడ పెద్దింట్లమ్మ గుడి. ఫాల్గుణ మాసపు జాతరకు చుట్టుపక్కల లంక గ్రామాల జనం తరలివస్తారు. ఒకప్పుడు తాటిదోనెల మీద రావలసిందే. ఈ కోట గజపతులదని, శత్రు సేనాని చిగురుకోట దగ్గర విడిది చేసి, సరస్సు నీటిని సముద్రంలోకి తోడేసేందుకు ఉప్పుటేరు తవ్వించాడని, ఆ పని నెరవేరేందుకు కన్నకూతురు బలైందని, అందుకే ఆ కాలువకు పేరంటాల కనమ అని పేరొచ్చిందని ఐతిహ్యం. కథలో బలి ఎవరిచ్చారనేది చెప్పేవారిని బట్టి మారుతుంది. ఇది చరిత్ర కాదు, ఐతిహ్యమని చెప్పి మరీ వినిపించాలి. అయినా నీరే ఈ కోటకు ప్రాకారమన్న సంగతి మాత్రం లంక మీద నిలబడినవాళ్లెవరికైనా తెలిసిపోతుంది.

సరస్సు ఇప్పుడు ఆ రూపంలో లేదు. 1999లో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులను చూడడానికి శీతకాలం అనువైన సమయం. గుంటుపల్లి కొండ ఎక్కడానికీ అదే అనువు.

ఈ సీమలో ఏర్పాటుగా నడిచే దర్శన యాత్రల్లో జనాదరణ ఎక్కువగా ఉన్నది కార్తీకమాసపు పంచారామ యాత్ర. ఆర్టీసీ ఏటా ప్రత్యేక బస్సులు వేస్తుంది. అమరావతి, భీమవరం గునుపూడి, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట ఒక్క రోజులో చుట్టి వస్తాయి. తాడేపల్లిగూడెం మీదుగా భీమవరం వైపు దిగేవాళ్లూ ఎక్కువే. పంచారామాల్లో సామర్లకోట, ద్రాక్షారామం గుళ్లు వేంగి చాళుక్య భీముడు కట్టించినవి. అంటే బస్సు నిండా వెళ్లే భక్తులు వేంగి రాజుల కట్టడాలనే చూస్తున్నారు. బస్సులో ఆ మాట చెప్పే మనిషి ఒక్కడుంటే యాత్ర చరిత్ర పాఠం కూడా అవుతుంది. పెదవేగిని ఆ దారిలో కలపడం కష్టం కాదు.

నేల మీద లేనివి మ్యూజియంలలో ఉన్నాయి. ఏలూరుకు దగ్గరలోని పెద్ద మ్యూజియం విజయవాడలోని బాపు మ్యూజియం. విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవానికి 1887 జూన్ 27న దీనికి శంకుస్థాపన జరిగింది. 1921లో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా అందించింది ఈ భవనంలోనే. మరమ్మతుల తర్వాత 2020లో కొత్త పేరుతో తెరిచారు. అల్లూరు పాలరాతి బుద్ధుడి దగ్గర ఆగి చూస్తే గుంటుపల్లి శిల్పకాలంలో ఆంధ్ర బౌద్ధం ఎంత దూరం వ్యాపించిందో తెలుస్తుంది.

హైదరాబాద్ నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలో తెలుగువాళ్లు చూడగలిగే ఈజిప్టు మమ్మీ ఉంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ దీన్ని వెయ్యి పౌండ్లకు కొని, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు బహూకరించాడు. నిజాం 1930లో మ్యూజియానికి ఇచ్చాడు. యువతి శరీరం. పేరు నైషు అని, క్రీ.పూ. 300–100 మధ్య కాలానిదని మ్యూజియం చెబుతుంది. కుళ్లకుండా 2016లో ఆక్సిజన్ లేని అద్దాల పెట్టెలో భద్రపరిచారు. ఆ యువతి కాలంలో ఈజిప్టును ఏలింది టాలెమీ రాజవంశం. బెనగౌరోన్ పేరు రాసిన భూగోళ శాస్త్రవేత్త టాలెమీ ఆ వంశీకుడు కాడు. పేరు మాత్రమే ఒకటి. పిల్లలను తీసుకెళ్లే ఉపాధ్యాయులు ఈ తేడా ముందే చెప్పాలి.

ఒక రోజులో చూడాలనుకునేవారు ఉదయం చల్లటి వేళ గుంటుపల్లి కొండ ఎక్కి, మధ్యాహ్నం పెదవేగి, దెందులూరు దిబ్బలు చూసుకుని, సాయంత్రానికి కొల్లేటి ఒడ్డుకు చేరడం అనుకూలం. రెండో రోజు విజయవాడ మ్యూజియానికి కేటాయించవచ్చు. కొండ మీద నీడ తక్కువ కనుక నీళ్లు వెంట ఉంచుకోవాలి. దిబ్బల మీద దొరికే ఇటుక ముక్కను, పెంకును తీసుకుపోవడం చట్టరీత్యా నేరం. పురావస్తు శాఖకు అవి ఉన్నచోట ఉంటేనే పనికొస్తాయి.